రాజా, తిన్నావా?

హోల్వెన్ రాజ్యం ఎంత చిన్నదంటే, అక్కడ దారి తప్పినవాడు పక్క దేశంలో తేలతాడు. ఐరోపా పటంలో దాని పేరు దాని మీద పట్టదు. పక్కనున్న సరస్సు నీళ్ళలో పేరు రాసి, అక్కణ్ణించి ఒక గీత గీస్తారు. ఆ దేశానికి ఒక రాజు, ఒక కొండ, ఒక నది, ఒక ట్రాము ఉన్నాయి. ట్రాము నంబరు నాలుగు. మిగతా మూడూ ఏమయ్యాయని అడిగే అలవాటు అక్కడివాళ్ళకి లేదు.

ఆ ట్రాము నడిపేవాడు ఒట్మార్. రైల్వే స్టేషను దగ్గర బయల్దేరి, నది వెంబడి వచ్చి, సమాధుల తోట పక్కన మలుపు తిరిగి, రాజభవనం గేటు దాటి, చివరి స్టాపు చేరడం దాని పని. మలుపు దగ్గర ఒట్మార్ రెండుసార్లు గంట కొడతాడు. పట్టాల మీద మనిషి ఉంటే తప్ప గంట కొట్టకూడదని నిబంధన. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు అడిగాడు.

"పట్టాల మీద ఎవరున్నారయ్యా?"

"పట్టాల మీద కాదండీ. గోడ అవతల."

ఆఫీసరు గోడకేసి చూశాడు. వాళ్ళమ్మ కూడా ఆ గోడ అవతలే ఉంది. 'బ్రేకులు బాగా పనిచేస్తున్నవి' అని రాసుకుని దిగిపోయాడు.

గోడ అవతల ఉన్నది ఒట్మార్ భార్య హెడ్డా. ఆమె పక్కన ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీగా ఉంది. అది ఒట్మార్‌ది. ఆ చోటు మీద కొంచెం గడ్డి మొలుస్తుంది, వేసవిలో పసుపు పూలు పూస్తాయి. తన పరుపు మీద దుప్పటి ఎవరో ముందే సర్ది ఉంచినట్టు ఉండేది అతనికి.

ఇదిలా ఉండగా రాజభవనం పైకప్పు కారుతోంది.

రాజు బల్తజార్ మెత్తటి మనిషి. వాన పడ్డ రాత్రులు బకెట్లు ఆయనే జరుపుకునేవాడు. పైకప్పు వేయించుకోవడానికి ఆయన దగ్గర డబ్బు లేదు, చేయించమని ఆజ్ఞాపించడానికి అధికారం లేదు. చట్టాలు పార్లమెంటువి, నాణేలు బ్యాంకువి, యుద్ధాలు పక్క దేశాలవి. రాజుకి మిగిలింది ఒక్కటే, బిరుదులివ్వడం. అది కూడా ఇవ్వడమే. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఆయనవల్ల కాదు, ఎవరివల్లా కాదు. రాజు కత్తి తాకించి ఏమని పలికితే అది అదే అయిపోతుంది. వాళ్ళ తాతగారు తోటలోని బాతుల మడుగుకి 'సముద్రం' అని బిరుదిచ్చి, దానికొక నౌకాదళాధిపతిని నియమించాడు. ఆ పదవి ఇప్పటికీ నడుస్తోంది. ప్రస్తుత దళాధిపతి రోజూ ఉదయం యూనిఫారం తొడుక్కుని వచ్చి బాతులకి మేత వేసి, సముద్రం ప్రశాంతంగా ఉందని సంతకం చేసి వెళ్తాడు.

రాజుగారి ఇంటి ఖర్చుకి పార్లమెంటు ఏటా ఇచ్చే గ్రాంటుకి కూడా ఒక తంతు ఉంది. దాన్ని రొట్టె రోజు అంటారు. ఎప్పుడో కరువులో జనం మాడుతుంటే ఒక రాజు విందులు చేసుకున్నాడట. అప్పటినుంచీ ఏడాదికోసారి ఒక సామాన్యుడు రాజభవనం గడప బయట నిలబడి, రై ధాన్యపు రొట్టె చేత్తో పట్టుకుని, "రాజా, తిన్నావా?" అని అడగాలి. నువ్వు అనే అడగాలి. రాజు గడప లోపల నిలబడి నిజం చెప్పాలి. రొట్టె అందుకోవాలి. ఆ తర్వాతే పార్లమెంటు గ్రాంటు మీద ఓటు వేస్తుంది. సామాన్యుడు పెట్టకపోతే రాజుకి కూడు లేదని రాజ్యాంగం మొదటి పేజీలోనే రాసి ఉంది.

చాలా ఏళ్ళుగా ఆ రొట్టె ఇస్తున్నది ట్రీనా. హెడ్డా చెల్లెలు, ఒట్మార్‌కి మరదలు. మలుపు దగ్గరే ఆమె రొట్టెల దుకాణం.

అన్నీ ఇలా సజావుగా సాగుతుండగా ఆసుపత్రి నర్సులు జీతం పెంచమన్నారు.

ఖజానాలో పెంచడానికేమీ లేదు. అప్పుడు ఖజానా శాఖలో లుడోల్ఫ్ అనే ఉద్యోగికి ఒక ఆలోచన వచ్చింది. జీతం పెంచితే ప్రతి నెలా పెంచే ఇవ్వాలి. బిరుదైతే ఒకసారి ఇస్తే చాలు. నర్సులందరినీ పిలిచి రాజుగారి చేత 'లేడీ' అనిపించారు. నర్సులకి ముందు ఒళ్ళు మండింది. మర్నాడు వార్డులోకి వెళ్తే రోగులు లేచి నిలబడి మరీ సూది వేయించుకున్నారు. అది వాళ్ళకి కాస్త నచ్చింది.

తర్వాత తపాలావాళ్ళు జీతం అడిగారు, బారన్లయ్యారు. మాష్టార్లు అడిగారు, నైట్లయ్యారు. ఆ తర్వాత అడగనివాళ్ళకి కూడా ఇవ్వడం మొదలుపెట్టారు, ముందు జాగ్రత్తగా. ఏడాది తిరిగేసరికి దేశంలో బిరుదు లేకపోవడం పళ్ళు తోముకోకపోవడంలాంటిదైపోయింది. లుడోల్ఫ్ బిరుదుల శాఖ మంత్రి అయ్యాడు. కొత్త శాఖకి భవనం కట్టించారు. పైకప్పుతో సహా.

ఈ బిరుదుల వల్ల కలిగిన మొదటి ఇబ్బంది ఒట్మార్ ట్రాములోనే బయటపడింది.

మర్యాద క్రమమని కొత్త నిబంధన వచ్చింది. పెద్ద బిరుదువారు ముందు ఎక్కాలి. పెద్ద బిరుదువారు దిగేదాకా చిన్న బిరుదువారు దిగకూడదు. ట్రాములో రోజూ వచ్చేవాళ్ళలో పెద్ద బిరుదు, నీళ్ళ శాఖలో పనిచేసే కుళాయిల డ్యూక్‌ది. ఆయన ఇల్లు చివరి స్టాపులో. అందుచేత స్టేషను దగ్గర ఎక్కిన దేశమంతా చివరి స్టాపులో దిగి, వెనక్కి నడుచుకుంటూ ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళేది.

ఒక సాయంత్రం తడిసిన గొడుగులతో జనం కిక్కిరిసి ఉన్నారు. ట్రీనా పిండి బస్తా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె అప్పటికి పొయ్యిల కౌంటెస్ అయింది. ట్రాము ఆమె దుకాణం ముందు ఆగింది. ఆమె లేవలేదు. ఆవేశం మాత్రం లేచింది.

"ఒరే డ్యూకూ, ఇక్కడ దిగి మళ్ళీ ఎక్కరాదూ? నీకు పుణ్యముంటుంది."

"కౌంటెస్ గారు డ్యూక్‌ని ఒరే అనకూడదు తల్లీ. వరసలు తప్పుతాయి."

"వరసల సంగతి తర్వాత. మా ఇంట్లో కుళాయి కారుతోందని నెల రోజులుగా మొత్తుకుంటున్నా. ఎప్పుడొస్తావు?"

కుళాయిల డ్యూక్ సిగ్గుపడ్డాడు. "డ్యూకులు కుళాయిలు ముట్టుకోకూడదట తల్లీ. కొత్త నిబంధన. నాకు మాత్రం చేతులు దురద పెట్టడం లేదనుకున్నావా?"

"మరి ఎవరు ముట్టుకోవాలి?"

"బిరుదు లేనివాళ్ళు."

ట్రాములో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత మెల్లగా అందరి చూపులూ డ్రైవరు వీపు మీదికి చేరాయి. ఒట్మార్ రోడ్డు వంకే చూస్తూ, మలుపు దగ్గర గంట రెండుసార్లు కొట్టాడు.

ఆ వారం అతనికి బిరుదుల శాఖ నుంచి పిలుపు వచ్చింది.

లుడోల్ఫ్ మంత్రిగారి గది చాలా పొడవు. తలుపు దగ్గర్నుంచి బల్ల దాకా నడిచేసరికి, వచ్చినవాడు ఏం అడగడానికి వచ్చాడో సగం మర్చిపోవాలని అలా కట్టారు.

"ఒట్మార్ గారూ, మీరు గణాంకాలకి అడ్డంగా ఉన్నారు" అన్నాడు మంత్రి.

"ట్రాము పక్కకి తియ్యమంటారాండీ?"

"ట్రాము కాదు. తమరే. ఈ రాజ్యమందు బిరుదు పొందని వ్యక్తి ప్రస్తుతం తమరొక్కరే. శిశువులతో సహా చెబుతున్నాను. మొన్న మంగళవారం పుట్టినవాడు సైతం ఊయల బారన్‌గా నమోదయ్యాడు. రాబోయే రొట్టె రోజున మనది నూరు శాతం బిరుదుల రాజ్యమని ప్రకటించవలసి ఉన్నది. పతకాలు కూడా పోత పోయించడమైనది."

"నాకొద్దండీ."

"కారణం?"

"మా ఆవిడండీ."

"వారికి అభ్యంతరమా?"

"ఆవిడ పోయిందండీ."

"పోయినవారు అభ్యంతరం తెలుపుటకు చట్టంలో అవకాశం లేదు."

ఒట్మార్ టోపీ చేతుల్లో తిప్పుకుంటూ చెప్పాడు. బిరుదున్నవాళ్ళని కొండ మీద పూడుస్తారు, లేనివాళ్ళని నది ఒడ్డున. ఉన్నతమైన ఎముకలు వరదలో తడవకూడదని పూర్వం ఎవరో పెట్టిన చట్టం. హెడ్డా నది ఒడ్డున ఉంది. పక్కన తన చోటుంది. బిరుదు పుచ్చుకుంటే తను కొండ మీదికి పోవాలి. అంతే, ఇంకేం లేదు.

మంత్రి మొహం వెలిగింది. సమస్య అంటే ఆయనకి ఇష్టం. "దీనికి తగు పరిష్కారం ఉన్నది. తమ భార్యకి మరణానంతర బిరుదు మంజూరు చేసి, వారి అస్థికలను బ్యాండు మేళంతో కొండపైకి తరలిస్తాం. ప్రభుత్వ ఖర్చుతో."

"ఆవిడకి మోకాళ్ళ నొప్పులండీ" అన్నాడు ఒట్మార్.

మంత్రి కలం ఆగింది.

"బతికున్నన్నాళ్ళూ కొండ ఎక్కలేదండీ. ఏటా పూల పండక్కి అందరూ పైకి వెళ్తే, తను కింద రాతి మెట్టు మీద కూర్చుని అందరి కోట్లకీ కాపలా ఉండేది. కిందనే బాగుందనేది."

"ఇప్పుడు వారు ఎక్కనవసరం లేదు కదా. మోసుకుని వెళ్తారు."

"ఒకరి చేత మోయించుకోవడమంటే ఆవిడకి ఇంకా చిరాకండీ."

లుడోల్ఫ్ పక్కకి తిరిగాడు. కిటికీలోంచి కొండ కనిపిస్తోంది. ఆయన కోటు కూడా ఒకప్పుడు ఆ రాతి మెట్టు మీద ఉండేది. చిన్నప్పుడు దాని జేబులో ఎవరో ఒక జీడిపప్పు బిస్కెట్టు పెట్టి ఉంచడం ఆయనకి గుర్తొచ్చింది. ఒక్క క్షణం ఆయన మంత్రిలా లేడు. తర్వాత గోడ మీది పట్టికలో నూరుకి ఒక్క గీత తక్కువగా ఆగిపోయిన ఎర్ర రంగు కనిపించింది, మళ్ళీ మంత్రి అయిపోయాడు.

"తమ భావోద్వేగాలను ప్రభుత్వం గౌరవించుచున్నది. వాటికొక ప్రత్యేక బిరుదు పరిశీలిస్తాం. అయితే రొట్టె రోజున తమరికి బిరుదు తప్పనిసరి. పేరు కూడా నిర్ణయించడమైనది. మలుపుల మార్క్విస్."

ఆ సాయంత్రం ఒట్మార్ సమాధుల తోటలో తన ఖాళీ చోటు పక్కన కూర్చున్నాడు. గడ్డి మీద చెయ్యి వేసి, దుప్పటి ముడతలు సరిచేసినట్టు సరిచేశాడు. హెడ్డాకి ఏమీ చెప్పలేదు. చెడ్డ కబురు భోజనాలయ్యాక చెప్పాలనేది ఆవిడ పద్ధతి, అదీ అలవాటైపోయింది.

రొట్టె రోజుకి ముందు రాజభవనంలో రిహార్సలు జరిగింది. లుడోల్ఫ్ చేతిలో కాగితాలతో గడప పక్కన నిలబడి కేకేశాడు.

"సామాన్యురాలు ముందుకు రావలెను!"

ట్రీనా రొట్టె పట్టుకుని ముందుకొచ్చింది.

"పొయ్యిల కౌంటెస్ గారూ, తమరు పక్కకి తప్పుకుంటే సామాన్యురాలు వస్తుంది."

"నేనే కదయ్యా ఏటా ఇచ్చేది."

"తమరు కౌంటెస్."

"నువ్వే చేశావు గదా!"

"అయితే ఇంకెవరైనా సామాన్యులు రండి" అన్నాడు లుడోల్ఫ్ గుంపు వైపు తిరిగి. గుంపులో ఉన్నవాళ్ళంతా బారన్లు, నైట్లు, లేడీలు. ఎవరూ కదల్లేదు. బాతుల మేత సంచితో నిలబడ్డ నౌకాదళాధిపతి, తనని కాదు కదా అన్నట్టు ఒకడుగు వెనక్కి వేశాడు. పైకప్పు నుంచి ఒక నీటి బొట్టు బకెట్లో పడింది.

అప్పుడర్థమైంది లుడోల్ఫ్‌కి. సామాన్యుడు లేకపోతే రొట్టె లేదు. రొట్టె లేకపోతే గ్రాంటు లేదు. గ్రాంటు లేకపోతే రాజు లేడు. రాజు లేకపోతే ఆయన ఇచ్చిన బిరుదులూ లేవు, బిరుదుల శాఖా లేదు.

వెంటనే కమిటీ కూర్చుంది. పక్క దేశం నుంచి ఒక సామాన్యుణ్ణి అద్దెకి తెద్దామన్నారు. కానీ పక్క దేశం సామాన్యుడు ఇక్కడ విదేశీ అతిథి, అతిథికి ప్రొటోకాల్ ప్రకారం రాయబారి హోదా వస్తుంది. ఒకరి బిరుదు ఒక గంటసేపు రద్దు చేద్దామన్నారు. ఇచ్చింది తీసుకునే అధికారం ఎవరికీ లేదు. ఒట్మార్ మార్క్విస్ బిరుదు రొట్టె రోజు సూర్యోదయం నుంచి అమలు కావాలి గనక ఆ ఒక్క రోజుకి సూర్యోదయాన్ని మధ్యాహ్నానికి వాయిదా వేద్దామన్నాడు ఒక సభ్యుడు. సూర్యుడు మన పౌరుడు కాదని న్యాయ సలహాదారు విచారంతో చెప్పాడు.

చివరికి లుడోల్ఫే మార్గం కనిపెట్టాడు. మార్క్విస్ వద్దు. ఒట్మార్‌కి 'రాజ్య సామాన్యుడు' అనే కొత్త బిరుదు ఇస్తారు. రొట్టె రాజుగారి చేతికి అందేదాకా అతను మామూలు సామాన్యుడు. అందిన క్షణం నుంచి రాజ్య సామాన్యుడు. రొట్టెకి రొట్టె చెల్లుతుంది, నూరుకి నూరు శాతం నిండుతుంది. ఇంత గొప్ప బిరుదు ఇంకెవరికీ లేదు గనక మర్యాద క్రమంలో అది డ్యూకుల కంటే పైన. ఈ మాట బయటికి పొక్కగానే ముగ్గురు డ్యూకులు తాము పుట్టుకతోనే సామాన్యులమని దరఖాస్తు పెట్టుకున్నారు.

లుడోల్ఫ్ స్వయంగా ట్రాము డిపోకి వచ్చి చెప్పాడు. "తమ చోటు కొండ శిఖరాన. రాజుల కంటే పైన. అక్కణ్ణించి దేశమంతా కనిపిస్తుంది."

"అక్కడ లేచి చూసేదెవరండీ?" అన్నాడు ఒట్మార్.

రొట్టె ఇవ్వనని అనేస్తే సరిపోయేది. ఆ మాట ట్రీనాతో అన్నాడు కూడా. ఆమె పిండి పిసుకుతూనే ఉంది.

"ఇవ్వకు బావా. నేనైతే ఇవ్వను. ఆ ముసలాయన బకెట్ల మధ్య పడుకుంటాడు, పడుకోనీ."

"నిజంగానే అంటున్నావా?"

"నువ్వేం చేస్తావో నాకు తెలుసు గనక అంటున్నా." ఆమె పిండి చేతుల్తోనే కళ్ళు తుడుచుకుంది. "రొట్టె కోసం వచ్చినవాణ్ణి మా అక్క ఏనాడైనా ఉత్త చేతుల్తో పంపిందా? ఇరవై ఏళ్ళు దాని పక్కన కూర్చుని తిన్న మనిషివి, నీకు చేతనవుతుందా?"

ఒట్మార్‌కి చేతకాదు. ఆ సంగతి అతనికీ తెలుసు.

రొట్టె రోజు పొద్దున్నే వాన. గడప బయట ఒట్మార్ తడుస్తూ నిలబడ్డాడు. అతనికి గొడుగు పట్టడానికి గొడుగుల బారన్ సిద్ధంగానే ఉన్నాడు గానీ, ఇంకా బిరుదు రానివాడికి బారన్ గొడుగు పట్టవచ్చా అన్నది తేలలేదు. గడప లోపల రాజు బల్తజార్ నిలబడ్డాడు. పాత కోటు, మెడలో పతకాలు, మొహం కొంచెం పాలిపోయి ఉంది. వెనకాల లుడోల్ఫ్, మంత్రులు, గోడవారగా పార్లమెంటు సభ్యులు.

ఒట్మార్ చేతిలో రొట్టె ఇంకా వెచ్చగా ఉంది. ఇది చేతులు మారగానే ఆ గడ్డి చోటు తనది కాకుండా పోతుంది. అయినా అడిగాడు.

"రాజా, తిన్నావా?"

తిన్నాను, నీ దయ, అని చెప్పాలి రాజు. ప్రతి ఏడూ అదే జవాబు. లుడోల్ఫ్ పెదాలు కూడా ఆ మాటలకి సిద్ధంగా కదిలాయి.

"లేదయ్యా" అన్నాడు రాజు.

గోడవారగా ఎవరో దగ్గారు.

"నిన్న మధ్యాహ్నం నుంచి లేదు" అన్నాడు రాజు, ఎవరినీ నిందించనట్టుగా. "వంటవాడు డ్యూక్ అయ్యాడు. వడ్డించేవాడు కౌంట్. డ్యూక్ వండిన పళ్ళెం కౌంట్ మొయ్యవచ్చు గానీ, డ్యూక్ దాన్ని కౌంట్ చేతికి అందించకూడదట. పళ్ళెం వంటింటి బల్ల మీదే ఉంది. ఫైలు నడుస్తోంది. నేను వెళ్ళి తెచ్చుకుందామంటే, రాజు వంటింట్లోకి వెళ్తే డ్యూక్ మోకాళ్ళ మీద వంగాలి, ఆయనకి నడుం నొప్పి."

ఒట్మార్ ఇంకేం ఆలోచించలేదు. రొట్టెని మోకాలికేసి రెండుగా విరిచాడు. "కూర్చోండి రాజుగారూ" అన్నాడు, తంతు ప్రకారం నువ్వు అనాలన్న సంగతి మర్చిపోయి. రాజు గడప లోపల కూర్చున్నాడు. ఒట్మార్ గడప బయట కూర్చున్నాడు. తుంచి ఇస్తున్నాడు, ఆయన తింటున్నాడు.

లుడోల్ఫ్ న్యాయ సలహాదారు చెవిలో గుసగుసలాడాడు. "ఏ ముక్క నుంచి బిరుదు అమల్లోకి వచ్చినట్టు?" సలహాదారు చెమట తుడుచుకున్నాడు. చట్టం మొత్తం రొట్టెను గురించే చెప్పింది, ముక్కల గురించి చెప్పలేదు.

కొంచెం కడుపు నిండాక రాజు మనిషిని చూశాడు. "నీ మొహం అలా ఉందేం? అంత పెద్ద బిరుదు వస్తోంది కదా."

ఒట్మార్ చెప్పాడు. నది ఒడ్డు, గడ్డి చోటు, మోకాళ్ళ నొప్పులు, రాతి మెట్టు మీద కోట్లు. ఎక్కువేం లేదు చెప్పడానికి.

రాజు నమలడం ఆపాడు. "మా ఆదేలా కొండ మీద ఉంది. ఆదివారం ఆదివారం ఎక్కుతాను. ఈ మధ్య సగంలో కూర్చోవలసి వస్తోంది. నీకైతే ట్రాము ఉంది."

"గంట కూడా ఉందండీ."

"పొద్దున్నే రెండుసార్లు మోగేది నీదా?" రాజు మొహం విప్పారింది. "దానితోనేనయ్యా నేను లేచేది. ఎవరో ఎవరినో పలకరిస్తున్నట్టుంటుంది."

"ఈ బిరుదు ఆపించండి రాజుగారూ."

"ఆపడం నా చేతిలో లేదు. వెనక్కి తీసుకోవడమూ లేదు. చట్టం మార్చడమూ లేదు. ఇవ్వడం ఒక్కటే ఉంది నాకు." ఆయన విచారంగా తోటవైపు చూశాడు. వానలో మడుగు గట్టు మీద నౌకాదళాధిపతి నిలబడి బాతులకి మేత వేస్తున్నాడు. రాజు అలా చూస్తూనే ఉన్నాడు. తర్వాత మిగిలిన ఆఖరి ముక్క నోట్లో వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు.

"లుడోల్ఫ్! బిరుదుల కత్తి పట్రా."

"ఎవరికి ప్రభూ?"

"ఎవరికీ కాదు. ట్రాము ఎక్కుదాం పద."

ఆ రోజు నాలుగో నంబరు ట్రాము రాజుగారితో, మంత్రులతో, పార్లమెంటుతో నిండిపోయింది. తోటలోని దళాధిపతి కూడా మేత సంచితో ఎక్కేశాడు, తంతు చూడ్డానికి వచ్చిన ట్రీనా, కుళాయిల డ్యూక్ కూడా ఎక్కారు. మలుపు దగ్గర రాజు దిగాడు. డ్యూకుల కంటే పెద్దవాడు దిగాడు గనక అందరూ దిగవచ్చు. ఏడాది తర్వాత మొదటిసారి తన దుకాణం ముందు దిగిన ట్రీనా, ఆనందం పట్టలేక కుళాయిల డ్యూక్ వీపు మీద ఒక్కటి చరిచింది.

రాజు సమాధుల తోట గేటు తీసుకుని లోపలికి వెళ్ళి, తడిసిన గడ్డి మీద కత్తి ఆనించాడు. మనుషులకి చెప్పినట్టే, గంభీరంగా పలికాడు.

"కొండవై లే."

గడ్డి లేవలేదు. వాన మాత్రం కురుస్తోంది. లుడోల్ఫ్ గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, ఇది చదునుగా ఉన్నది."

"మా తాతగారి సముద్రం లోతెంతయ్యా?"

నౌకాదళాధిపతి అటెన్షన్‌లో నిలబడి, సెల్యూట్ కొట్టి చెప్పాడు.

"మోకాలి లోతు ప్రభూ. బాతుకైతే ఎక్కువే."

అంతే. రాజు పలికింది పలికినట్టే అయింది. బిరుదున్నవారిని కొండ మీదే పూడ్చాలన్న చట్టం ఒక్క అక్షరం మారకుండా అలాగే ఉంది. దేశంలో ఇప్పుడు రెండు కొండలున్నాయి, అంతే తేడా. ఆ మధ్యాహ్నమే పార్లమెంటు గ్రాంటుకి ఓటు వేసింది. నూరు శాతం పతకాలు పంచారు. ఒట్మార్ రాజ్య సామాన్యుడయ్యాడు, మర్నాడు ఎప్పటిలాగే ట్రాము నడిపాడు. మర్యాద క్రమంలో ఇప్పుడు ట్రాములో అందరికంటే పెద్ద బిరుదు డ్రైవరుదే. అతను ప్రతి స్టాపులోనూ ఒక్క క్షణం కిందికి దిగి మళ్ళీ ఎక్కేవాడు. జనం హాయిగా ఎవరి స్టాపులో వాళ్ళు దిగిపోయేవారు.

కొత్త కొండ విషయంలో ప్రభుత్వం ఏ లోటూ రానివ్వలేదు. భూగోళ శాఖ వచ్చి కొలిచి, 'కొండ. జాగ్రత్తగా ఎక్కవలెను' అని బోర్డు పెట్టింది. ఆఫీసు పని మీద అక్కడికి వచ్చే ఉద్యోగులు చేతికర్ర పట్టుకోవాలనీ, సగం దూరంలో ఆగి ఆయాసం తీర్చుకోవాలనీ ఉత్తర్వు వచ్చింది. లుడోల్ఫ్ కూడా వస్తుంటాడు. సగం దూరంలో హెడ్డా సమాధి దగ్గర ఆయన ఆగుతాడు. అక్కడ ఆయాసం మిగతావాళ్ళ కంటే కొంచెం ఎక్కువసేపే తీర్చుకుంటాడు. ఒకసారి వెళ్తూ వెళ్తూ రాతి మీద ఒక జీడిపప్పు బిస్కెట్టు పెట్టి వెళ్ళాడు. దాన్ని పిచ్చుకలు తినేశాయి.

పోయిన వేసవిలో ఒక విదేశీ యాత్రికుడు ట్రాములో చేతిలో పటం పట్టుకుని తెగ కంగారుపడ్డాడు. పటంలో నది ఒడ్డున కొండ గుర్తు ఉంది. కిటికీలోంచి ఎటు చూసినా గడ్డీ, పసుపు పూలూ తప్ప ఏమీ కనిపించడం లేదు.

"డ్రైవరు గారూ, ఆ కొండ ఎక్కడ?"

"దాటేశామండీ" అన్నాడు ఒట్మార్. "మోకాళ్ళేమైనా నొప్పి పెట్టాయా?"

"లేదే!"

"అదేనండీ మా కొండ గొప్పతనం" అని ఒట్మార్ వెనక్కి, గోడకేసి చూసి, గంట రెండుసార్లు కొట్టాడు.